తాళంచెవి నా జేబులోనే ఉంది

విశ్వాసం గురించి ఎవరైనా స్టేజీ ఎక్కి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీద. పద్నాలుగేళ్లు ఒకే బడిలో పనిచేసిన మనిషిని నేను. ఒకే యజమాని దగ్గర ఒదిగి ఉండి, "మన సారు నిప్పు" అని పదిమందిలో అనిపించుకున్నాను. ఆ మాట మీద ఒక శాలువా కూడా కప్పించుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మాది జనగామలో ఒక ప్రైవేటు హైస్కూలు. కరస్పాండెంట్ సార్ వాళ్లది బట్టల వ్యాపారం. హోల్‌సేల్ దుకాణం మీది రెండు గదుల్లో బడి మొదలుపెట్టి, సొంత బిల్డింగు దాకా తెచ్చాడు. నేను సోషల్ టీచరుగా చేరాను. కొన్నేళ్లకు నన్ను ప్రిన్సిపాల్ చేశాడు. ప్రిన్సిపాల్ అంటే పేరే పెద్దది. పొద్దున గేటు దగ్గర నిలబడాలి, టీచరు ఎవరు రాకపోతే ఆ క్లాసుకు నేను పోవాలి. ఎండాకాలం వస్తే టీచర్లను వెంటేసుకుని బచ్చన్నపేట, జఫర్‌గఢ్ ఊళ్లు తిరిగి, ఇంటింటికీ వెళ్లి "మీ పిల్లల్ని మా బళ్లె వెయ్యున్రి" అని బతిమాలాలి. ఇదే నా ప్రిన్సిపాల్ గిరి.

ప్రైవేటు బళ్లలో పనిచేసినవాళ్లకు ఒక ఆచారం తెలుసు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంటుకు ఇచ్చేయాలి. టెన్త్ మెమో నుంచి బీఈడీ దాకా అన్నీ. టీచరు ఏడాది నడుమ మానేసి పోకుండా అదొక కట్టుగొయ్య. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచేది కాదు. కొత్తగా చేరినవాళ్లను "ఒరిజినల్స్ ఇచ్చినవా?" అని అడగడం "అన్నం తిన్నవా?" అన్నంత మామూలు ముచ్చట. నా చేతిరాత బాగుంటుందని కవర్ల మీద పేర్లు నాతోనే రాయించేవాడు సార్. ఖాకీ కవరు, దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో టీచరు పేరు, సబ్జెక్టు. అన్నీ ఆఫీసు గదిలోని ఇనుప బీరువాలో ఉండేవి. నా కవరూ అందులోనే.

ఆ బీరువాకు రెండు తాళంచెవులు. ఒకటి సార్ దగ్గర. ఇంకొకటి నన్ను ప్రిన్సిపాల్ చేసిన రోజు నా చేతిలో పెట్టాడు. "గిది నీ దగ్గరున్నదని ఎవ్వలకు చెప్పకు సారూ. అడిగితే కరస్పాండెంట్ దగ్గరున్నదను. నేను ఊళ్లె లేనను. అయిపాయె" అన్నాడు. ఎవరైనా మానేస్తామంటే ఆ ఒక్క మాటతో వారం, పదిరోజులు తిప్పేవాళ్లం. అప్పటికి వాళ్లకే విసుగొచ్చి ఊరుకునేవాళ్లు. ఆ తాళంచెవి ఇచ్చినప్పుడు నాకు ఎంత గర్వమైందో చెప్పలేను. ఇంటికి పోయి నా భార్యకు చూపించాను. "ఎవ్వలకు చెప్పొద్దన్నడంటివి, నాకెందుకు చెప్తున్నవ్?" అని ఆమె నవ్వింది.

సార్ చెడ్డవాడని నేను అనను. మా అమ్మ వరంగల్ దవాఖానలో ఉన్నప్పుడు తన కారు ఇచ్చాడు. ఇవ్వడమే కాదు, దుకాణం వదిలేసి మూడు రోజులు మాతోపాటు ఆ వరండాలో కూర్చున్నాడు. అట్లాంటి మనిషికి ఎదురు చెప్పడం ఎట్లా? నేను చెప్పలేదు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

లెక్కల మేడం మా బడికి వచ్చింది నేను ప్రిన్సిపాల్ అయిన తర్వాతే. జఫర్‌గఢ్ దగ్గరి ఒక తండా ఆమెది. మానుకోట, అంటే మహబూబాబాద్, దగ్గర ఇంకో తండాకు ఇచ్చారు. భర్త అక్కడ పత్తి వేసేవాడు. ఆమె బడి ఉన్నన్ని రోజులు తల్లిగారింట్లో ఉండి, చంటిబిడ్డను అమ్మకు అప్పజెప్పి, పొద్దున్నే బస్సెక్కి జనగామ వచ్చేది. ఇంట్లో వాళ్ల భాష, బయట తెలుగు, బోర్డు మీద లెక్కలు. దేనికీ తడుముకునేది కాదు. టెన్త్ పిల్లలు ఆమె క్లాసంటే పడిచచ్చేవాళ్లు. ఎండాకాలం అడ్మిషన్లకు తిరిగేటప్పుడు తండాల్లో మేమంతా గోడకు ఆనుకుని నిలబడితే, ఆమె ఒక్కతే వాళ్ల భాషలో మాట్లాడి తల్లులను ఒప్పించేది. "నా బిడ్డ తీర్గ సూస్కుంట అన్న సార్ వాళ్లకు. మీరు గిట్ల కొట్టిన్రనుకో, నా ఇజ్జత్ పోతది" అని మమ్మల్ని హెచ్చరించేది.

ఆమె సర్కారు టీచరు పరీక్షకు చదువుతున్నదని నాకు తెలుసు. లీజర్ పీరియడ్‌లో స్టాఫ్‌రూమ్ మూల కూర్చుని బిట్లు చేసుకునేది. నేనే సోషల్ బిట్లు అడిగేవాణ్ణి. ఎందుకంటే ఆ పరీక్ష నాకు బాగా తెలుసు, నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ అంచు దాకా పోయి ఆగిపోయాను. ఆ ఏడాదితో నాకు వయసు కూడా దాటింది. ఆమె రెండోసారికే కొట్టేసింది. చిన్నప్పుడు మొగుళ్లపల్లి దగ్గర మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నది కాబట్టి ఆమెకు లోకల్ భూపాలపల్లి జిల్లా. ఆ జిల్లా లిస్టులో పేరొచ్చింది.

రిజల్ట్ తెలిసిన రోజు స్టాఫ్‌రూమ్‌లో ఆమె నా కాళ్లకు మొక్కబోయింది. "అయ్యో, గిదేంది మేడం!" అని వెనక్కి జరిగాను. నేనే మనిషిని పంపి మిఠాయి తెప్పించాను. అందరికీ పంచాను. నా వంతు మిఠాయి మాత్రం రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకున్నాను, నోట్లో పెట్టబుద్ధి కాలేదు. అప్పుడు అది ఏమిటో నాకు నేను ఒప్పుకోలేదు. కడుపుమంట అంటారు దాన్ని, ఇంకేమంటారు.

సర్టిఫికెట్ల వెరిఫికేషన్ భూపాలపల్లిలో. వారం ముందే ఆమె ఒరిజినల్స్ అడిగింది. కరస్పాండెంట్ సార్ నవ్వుకుంటూనే, "ఇస్తమమ్మా, మా దగ్గర పెట్టుకోని ఏం జేస్కుంటం? ముందు రోజు తీస్కపో" అన్నాడు. ఆ ముందు రోజు పొద్దున్నే హైదరాబాద్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ నాకు ఫోన్ చేశాడు.

"సారూ, ఆమెకు నౌకరొచ్చింది, సంతోషమే. గని టెన్త్ పిల్లల నడుమ లెక్కల టీచర్ పోతే మన బతుకేంది? రిజల్ట్ పోతే వచ్చే ఏడు అడ్మిషన్లు వస్తయా?"

"రావు సార్."

"ఇయ్యొద్దని నేను అంటలేను. తర్వాత నా మీద పెట్టకు. నేను ఊళ్లె లేను. నువ్వే జర చూస్కో."

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయన వద్దనలేదు. నన్నే చూసుకోమన్నాడు. ఇన్నేళ్లూ నేను నా మనసుకు చెప్పుకున్న కథలో ఆయన వద్దన్నట్టు, నేను ఉప్పు తిన్నవాణ్ణి కాబట్టి కిమ్మనలేదన్నట్టు ఉంటుంది. అబద్ధం. నిర్ణయం నాది.

ఆ సాయంత్రం ఆరింటిదాకా ఆమె ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుంది. "సార్ ఫోన్ ఎత్తుతలేడు సార్" అంది. నేను కూడా ఆమె ముందే ఒకసారి కలిపి, "ఎత్తుతలేడమ్మా" అన్నాను. నా ప్యాంటు జేబులో, బండి తాళంచెవి పక్కనే, బీరువా తాళంచెవి ఉంది. "నువ్వు జిరాక్సులు పట్టుకోని పో. సార్ రాంగనే ఒరిజినల్స్ ఎవలితోనన్న పంపిస్త. ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆమె నన్ను నమ్మింది. నమ్మకపోవడానికి ఏముంది? అప్పటిదాకా నేను ఆమెకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

మరునాడు పదీ ఇరవైకి ఫోన్ వచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"సార్, జిరాక్సులు చెల్లవంట. ఐదింటిదాక టైం ఇచ్చిన్రు. గప్పటికి ఒరిజినల్స్ చూపియ్యకుంటే నా పేరు పక్కకు పెట్టి ఎనుకున్నోళ్లను పిలుస్తరట. మీ కాళ్లు మొక్కుత సార్, జర సార్‌ను పట్టుకోన్రి."

"చూస్తనమ్మా. సార్ ఇంటికి పోత. తాళంచెవి దొరికితే బండి మీద ఎవర్నన్న తోలిస్త."

ఏ ఇంటికీ పోలేదు. క్లాసులోకి వెళ్లి పాఠం చెప్పాను. ఏ పాఠమో ఇప్పుడు గుర్తులేదు.

పన్నెండుకు మళ్లీ ఫోన్. "ఇంటికి పోయిన. దుకాణంకు సుత పోయిన. వాళ్ల అన్నకు తెలవదంటున్నడు" అని చెప్పాను. నోట్లోంచి ఆ మాటలు ఎంత సాఫీగా వచ్చాయో! ఆయన దుకాణం మెట్ల మీద నిజంగా నిలబడ్డట్టే చెప్పాను. అవతల ఆమె, "మీకు మస్తు తక్లీఫ్ ఇస్తున్న సార్" అంది. వెనకాల బిడ్డ ఏడుస్తున్నది.

అన్నం బెల్లు కొట్టాక ఆఫీసు గది తలుపు దగ్గరికి వేసి, బీరువా తెరిచాను. ఆమె కవరు పైనుంచి మూడోది. తీసి చేతిలో పట్టుకున్నాను. బయటికి వచ్చి బండి దగ్గరి దాకా నడిచాను. కవరు ట్యాంకు మీది బ్యాగులో పెట్టాను కూడా. అప్పుడు ఒంటిగంట దాటి ఇంకా పావుగంట కాలేదు. హనుమకొండ మీదుగా పోతే నాలుగింటికల్లా భూపాలపల్లిలో ఉంటాను. లెక్క నాకు తెలుసు.

మా బడి ఆయమ్మ గిన్నెలు కడుగుతూ, "యాడికి సార్, అన్నం తినకనే పోతున్నరు?" అంది.

"యాడికి లేదవ్వా" అన్నాను. యాడికీ పోలేదు.

బండి పక్కన నిలబడ్డ ఆ ఐదు నిమిషాలలో నా బుర్రలో ఏం తిరిగిందో దాచకుండా రాస్తాను. సార్‌కు తెలిస్తే ఏమంటాడో అన్నది మొదటిది. టెన్త్ రిజల్ట్ రెండోది. ఈ రెండూ పైపైన. అడుగున ఉన్నది వేరు. ఈమె రేపు సర్కారు బడికి పోతుంది, నేను ఇదే గేటు దగ్గర నిలబడతాను. నేను బిట్లు అడిగితే చదువుకున్న మనిషి. నాకు రానిది ఈమెకెట్లా వచ్చింది? ఇదీ నా విశ్వాసం అసలు రంగు. కవరు తీసుకుపోయి మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తర్వాత గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు బయల్దేరినా అందుతుంది అనుకునే సమయం దాటిపోవాలి. దాటిపోతే ఇక నా చేతిలో ఏమీ లేదు అనుకోవచ్చు. ఆలస్యం కావాలని ఎదురుచూశాను. రెండున్నరకు వచ్చిన ఫోన్ ఎత్తలేదు. నాలుగుకు వచ్చింది కూడా ఎత్తలేదు. ఆ తర్వాత ఆమె చేయలేదు.

రెండు రోజుల తర్వాత బడికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందు, "సార్ నా కోసం శానా తిరిగిన్రు. ఇంటికి పోయిన్రు, దుకాణంకు పోయిన్రు. నా రాత గంతే" అంది. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు. సార్ హైదరాబాద్ నుంచి వచ్చి, "అయ్యయ్యో, గంత అర్జెంటని తెల్వకపాయె బిడ్డా" అన్నాడు. నన్ను ఆఫీసులోకి పిలిచి భుజం తట్టాడు. ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు.

ఆమె మార్చి దాకా చెప్పింది. అదే చెప్పడం, ఒక్క లెక్క తక్కువ లేదు. రిజల్ట్ మంచిగా వచ్చింది. పిల్లల ఫొటోలతో చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాం. వార్షికోత్సవంలో సార్ మైకు పట్టుకుని, మేనేజ్‌మెంటుకూ స్టాఫుకూ నడుమ ఉండాల్సిన విశ్వాసం గురించి మాట్లాడి, నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాడు. ముందు వరసలో కూర్చుని ఆమె చప్పట్లు కొట్టింది. మే నెలలో ఒరిజినల్స్ తీసుకుని మానుకోట వెళ్లిపోయింది. ఆ కవరు తీసి ఇచ్చింది నేనే. "సార్ తాళంచెవి ఇచ్చి పోయిన్రు" అని ఇంకో అబద్ధం చెప్పాను.

మళ్లీ ఏడాదికి మా బడి అమ్ముడుపోయింది. పెద్ద స్కూళ్ల వాళ్లెవరో కొన్నారు. వాళ్ల ప్రిన్సిపాల్‌ను వాళ్లే తెచ్చుకున్నారు. నలభై దాటిన టీచర్లెవరినీ ఉంచుకోలేదు. నాతో మాట్లాడింది పది నిమిషాలు. కరస్పాండెంట్ సార్ నా కవరు తెచ్చి టేబుల్ మీద పెట్టి, "నీ చేతి రాతనే గద సారూ. అన్నీ ఉన్నయో లేవో చూస్కో" అన్నాడు. అన్నీ ఉన్నాయి. "నాకేమన్న చూసిన్రా సార్?" అని అడిగాను. "నేనేం చెయ్యాలె సారూ, గిప్పుడు నా చేతుల ఏమున్నది?" అన్నాడు. ఆ మాట వినగానే కోపం వచ్చింది. ఇంటికొచ్చేదాకా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చాక తెలిసింది, బీరువాకు తాళం వేసి గడియారం చూసుకుంటూ నేను అనుకున్నదీ అదేనని.

ఏడెనిమిది నెలలు ట్యూషన్లు చెప్పుకుంటూ తిరిగాను. నా వయసు మనిషిని ఎవరు తీసుకుంటారు? ఒకరోజు ఫోన్ వచ్చింది. లెక్కల మేడం.

"సార్, ఇక్కడ మానుకోటల మా బడికి సోషల్ సార్ కావాలె. నేనే ఇన్‌చార్జి ఇప్పుడు. వస్తరా? మీరొస్తే మాకు మంచిగుంటది."

ఇంకొకడైతే ఆ ఫోన్ అక్కడే పెట్టేసేవాడేమో. నేను "వస్త మేడం" అన్నాను. స్టేషన్ దగ్గర ఒక గది తీసుకున్నాను. ఆదివారం రైలెక్కి జనగామ పోయి వచ్చేవాణ్ణి.

చేరిన రోజు అక్కడి మేనేజర్ మామూలుగానే, "ఒరిజినల్స్ తెచ్చిన్రా?" అని చెయ్యి చాపాడు. నేను బ్యాగు తెరుస్తున్నాను. ఆమె అడ్డుపడింది.

"సార్‌వి వద్దు. సార్‌కు నేను జామీను ఉంట. మాట ఇస్తే తప్పే మనిషి కాదు."

మేనేజర్ సరేనన్నాడు. నేను జిప్పు మూసుకున్నాను. భూమి బద్దలైతే బాగుండునని కథల్లో చదివినప్పుడు నవ్వొచ్చేది. ఆ రోజు నవ్వు రాలేదు.

అక్కడ ఆమె భర్తను మొదటిసారి చూశాను. సన్నగా, నల్లగా, ఎప్పుడూ నవ్వు మొహం. సాయంత్రం ఆమెను తండాకు తీసుకుపోవడానికి బండి మీద వచ్చేవాడు. నేను ఫలానా అని తెలియగానే రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరేనా సార్! ఆ దినం మా కోసం ఎంత ఉరికిన్రో మా ఇంటామె చెప్పింది. సచ్చేదాక మర్వం సార్." రోజూ గేటు దగ్గర కనిపిస్తే అదే ఆప్యాయత. ఒకసారి కందికాయలు తెచ్చి ఇచ్చాడు, ఇంకోసారి చేలో కాసిన దోసకాయలు. వద్దంటే బాధపడేవాడు. ఆ దోసకాయలు గదిలో పెట్టుకుని, కొయ్యలేక, పారేయలేక, ఇంటి ఓనర్లకు ఇచ్చేశాను.

మూడు నెలలు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్న రోజు, స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పేశాను.

"మేడం, ఆ దినం తాళంచెవి కరస్పాండెంట్ సార్ ఒక్కని దగ్గరనే లేకుండె. ఇంకోటి నా జేబులనే ఉండె."

పెన్ను ఆగింది. "ఏ దినం?" అంది. ఏ రోజో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

"భూపాలపల్లి దినం. నేను ఏ ఇంటికి పోలే. దుకాణంకు పోలే."

"సార్ ఇయ్యొద్దన్నడా?"

"అనలే. నన్నే చూస్కోమన్నడు."

"మరెందుకు సార్?"

సార్ ఉప్పు తిన్నాను అని నోటిదాకా వచ్చింది. ఛీ, ఇప్పుడైనా నిజం చెప్పు అనుకున్నాను. "మీకొచ్చింది, నాకు రాలే. గదే మేడం. ఇంకేం లేదు."

ఆమె పెన్నుకు మూత పెట్టింది. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మాట్లాడింది, గొంతు పెంచకుండానే.

"మీరు ఎవర్నన్న తోలిస్త అన్నరు కదా సార్. నేను మా ఆయనకు చెప్పిన. పత్తి ఏరేటిది వదిలిపెట్టి నాతోని వచ్చుండె. బండి వేస్కోని పరకాలకు పోయిండు. మీ మనిషి జనగామ నుంచి వస్తే గక్కడనే అందుకుంటే భూపాలపల్లిల ఆఫీసు వెతుక్కునేది తప్పుతది, జల్ది వస్తదని. హనుమకొండ రోడ్డు మీద నిలబడ్డడు. పదకొండున్నర నుంచి. బ్యాగేస్కోని ఎవలు బండి మీదొచ్చినా ఆపి అడిగిండట, జనగామ నుంచేనా అని. అన్నం సుత తినలే. తినపోతే మీ మనిషి దాటిపోతడని."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఐదున్నరకు నేను ఫోన్ చేసి అయిపోయింది, ఇగ రా అంటే, ఇంకొంచెంసేపు చూస్త అన్నడు. మీరు మాట ఇచ్చిన్రు గద అని."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. కారుతుంటే కారనిచ్చింది. దిద్దిన పేపర్లు ఒకచోట పేర్చింది.

"జామీను ఉంట అన్న మీకు. గా మాట నేను ఎనుకకు తీస్కోను. మీ నౌకరి ఉంటది. గని ఇగ నాతోని బడి ముచ్చట్లే మాట్లాడున్రి సార్, వేరేటివి వద్దు."

"సరే మేడం."

తలుపు దాకా పోయి ఆగింది. "ఆయనకు మాత్రం చెప్పకున్రి. మా కోసం ఒక సారు గంత ఉరికిండని అందరికి చెప్పుకుంట తిరుగుతడు. మా తండాల సుత చెప్పిండు. గది తీసెయ్యకున్రి."

సాయంత్రం బడి విడిచారు. నేను ఆలస్యంగా వెళ్దామని కూర్చున్నాను, కానీ వాచ్‌మన్ గదులకు తాళాలు వేస్తున్నాడు. గేటు దాటేసరికి ఆమె భర్త బండి స్టార్ట్ చేసి ఉన్నాడు, ఆమె వెనక కూర్చుని రోడ్డు వైపు చూస్తున్నది. నన్ను చూసి ఆయన బండి ఆపేసి దిగాడు.

"ఏంది సార్, మొహం గట్లున్నది? పానం బాగలేదా?"

"ఏం లేదు, బాగనే ఉన్న."

ఊరుకోలేదు. దగ్గరికొచ్చి, తండ్రి పిల్లాడికి చూసినట్టు నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. భార్య వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె బండి దిగి పక్కన నిలబడింది.

"రాన్రి సార్, ఎక్కున్రి. దవాఖానల చూపిస్త. ఆమె ఇక్కడనే ఉంటది, మిమ్ముల దింపినంక వచ్చి తీస్కపోత."